కేక లేని గంప

“దుర్గవ్వా, ఇయ్యాల ఒర్రుతలేవేంది?”

గేటు పట్టుకుని అడిగింది స్వరూప. ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని దుర్గవ్వ నస్పూర్ కాలనీలో అడుగుపెట్టిందంటే చివరి క్వార్టర్ దాకా కేక వినబడాల్సిందే. అలాంటిది దొంగలా చప్పుడు లేకుండా వస్తోంది. గంప బేరం చేసేవాళ్లకు ఒక కట్టుబాటుంది. చావు జరిగిన గల్లీలో కేక వెయ్యరు.

“గొంతు బాగలేదు బిడ్డా. పాలకూర తీసుకో.”

“మాట మంచిగనే వస్తున్నది గదా! నిజం చెప్పు, ఒర్రద్దని ఎవలన్నరు?”

దుర్గవ్వ అటూ ఇటూ చూసింది. “గల్లీ మొదట్ల బొగ్గుబాయి పనోళ్లు నిలబడ్డరు. ‘అవ్వా, ఇయ్యాల ఒర్రకు’ అన్నరు. ఎవలు పోయిండ్రని అడిగితే ఒక్కడు మొకమెత్తలే.”

స్వరూప ఫోన్ తీసి భర్తకు కలిపింది. పొద్దుటి షిఫ్టు ఎప్పుడో అయిపోయింది. కైలాసం ఇంకా ఇల్లు చేరలేదు. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. కీడెంచి మేలెంచమన్నారు గానీ, బొగ్గుబాయి మీద బతికేవాళ్లకు మేలెంచే తీరిక ఎక్కడిది?

“గాళ్లల్ల మా ఆయన ఉన్నడా?”

“లేడు బిడ్డా.” దుర్గవ్వకు అబద్ధం ఆడాలనిపించలేదు. ఒక చేత్తో గంప పట్టుకుని, రెండో చెయ్యి స్వరూప భుజం మీద వేసింది. “జర ధైర్యంగ ఉండు. నా కొడుకుది గూడ బాయి పనే, రాత్రి షిఫ్టు. ఏం గాదు.”

ఎదురింటి కమలవ్వ తలుపు తీసింది. ఇద్దరినీ చూసి, వెంటనే మళ్లీ మూసేసుకుంది. స్వరూప గేటు దగ్గరే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది.

అంతలో మలుపులో మోటారు సైకిల్ చప్పుడు. కైలాసమే! మొహం మీది బొగ్గు మసి కూడా కడుక్కోలేదు. స్వరూప లేచి ఎదురు పరుగెత్తింది.

“ఫోన్ ఎందుకెత్తలే? నా పానం పోయింది ఈడ!”

దుర్గవ్వ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. “చెప్పిన గద బిడ్డా, ఏం గాదని! మల్ల ఏ తల్లి కడుపు కాలిందో, పాపం.”

కైలాసం భార్యను దాటుకుని నేరుగా దుర్గవ్వ దగ్గరికి వచ్చి, ఆమె నెత్తి మీది గంపను రెండు చేతులతో దించి నేల మీద పెట్టాడు.

“అవ్వా, నీ కొడుకు రవి ఇయ్యాల పొద్దుటి షిఫ్టుకే దిగిండు, మీద బాయి కప్పు కూలింది... పానం దక్కలే. నీకు చెప్పెటందుకు ఎవలకు నోరు రాలే.”