తాబేళ్ల గడిలో సున్నా

నిరోష నోటు పుస్తకంలో కూడా సున్నాయే ఉంది.

సైన్సు చెప్పే డానియల్ సార్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. తొమ్మిదో తరగతిలో ముప్పైమంది పిల్లలు. గుట్ట మీద కనిపించిన జీవాలను లెక్కపెట్టి రాసిన ముప్పై పుస్తకాల్లోనూ నక్షత్ర తాబేళ్లకు ఎదురుగా అదే అంకె.

దేవరకొండ పక్కనున్న ఆ గుట్టకు పిల్లల్ని తీసుకెళ్లడం మొదలుపెట్టింది ఆయనే. జీవవైవిధ్యం పాఠం నల్లబల్ల మీద చెబితే ఆవులించే పిల్లలు, గుట్ట మీద పొదపొదకూ వంగి చూసేవారు. క్లాసులో నోరు విప్పని నిరోష నిరుడు ఒక్కతే పదకొండు తాబేళ్లను కనిపెట్టింది. ఒక్కోదాని డిప్ప మీది పసుపు గీతలను విడివిడిగా బొమ్మ గీసింది. ఆ రోజు ఆయన మురిసిపోయి తన ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు.

"చూసింది చూసినట్టు రాయాలె. గంతే" అనేవాడాయన. ఆ మాట నిరోష ఏనాడూ తప్పలేదు.

"నిజంగ ఒక్కటి గూడ కనపడలేదా, బిడ్డా?"

"లేదు సార్." తల ఎత్తలేదు.

ఆదివారం వాన వెలిసింది. మనసాగక ఆయన ఒక్కడే గుట్ట ఎక్కాడు. సీతాఫలం చెట్ల వెనక మాటలు వినిపించాయి. తొంగి చూశాడు. తన క్లాసు పిల్లలే, ఏడెనిమిది మంది. నిరోష ఒక తాబేలును పుస్తకాల సంచిలోకి దించుతోంది. అందులో అప్పటికే రెండున్నాయి.

ఆయన కొమ్మలు తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"ఎవరికి అమ్ముతున్నరు?"

పిల్లలు ఉలిక్కిపడ్డారు.

"ముప్పైమంది ఒక్కటై నాతోని అబద్ధం ఆడిండ్రు. సొంత పిల్లల్లెక్క చూసుకున్న గదరా! నేను నేర్పిందంతా గిందుకేనా?" ఆయన నిరోష వైపు తిరిగాడు. "నువ్వు గూడనా, నిరోషా?"

"అమ్ముతలేం సార్." నిరోష సంచిని గుండెకు హత్తుకుంది. "అవతలి గుట్ట మీద దాస్తున్నం. నిరుడు ఎవరో వచ్చి నేను బొమ్మ గీసిన పదకొండింటిని ఎత్తుకపోయిండ్రు. మిగిలినయి గివే. మీకు చెప్పొద్దని అందరం ఒట్టేసుకున్నం."

"నాకెందుకు చెప్పొద్దు? నేను మీ సార్‌ను గాదా?"

ఆ పిల్ల అప్పుడు ఆయన కళ్లలోకి చూసింది.

"గుట్టకు తొవ్వ ఎటని నన్నే అడిగిండ్రు సార్ వాళ్లు, వాళ్ల ఫోన్ల ఉన్నది, ఊరి పేరుతోని సహా మీరు లోకమంతా చూసేటట్టు నెట్ల పెట్టిన మన తాబేళ్ల ఫోటోనే."