ఎదురు

“తాతగారూ, రేపొక్కరోజు నాకు ఎదురు రాకండి.”

తులసి ఆ మాట తల పక్కకు తిప్పుకుని అంది.

ముసలాయన చేతిలో జేబుగడియారం తెరిచే ఉంది. వెండి మూత నిండా తీగలు, పువ్వులు చెక్కి ఉన్నాయి. వెనకవైపు అద్దం. అందులోంచి లోపలి చక్రాలు కనపడతాయి.

“రేపేంటమ్మా?”

“టైపు హయ్యరు పరీక్షండి. రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ పొద్దున్నే మీరే ఎదురొచ్చారు. ఈసారీ తప్పితే కాలేజీ ఆఫీసులో ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు.”

ఆయన గడియారం వైపు చూసుకున్నాడు.

“అట్లాగేనమ్మా,” అన్నాడు. “కాస్త పెందరాళే బయల్దేరు మరి.”

“ఆ బండి నన్నొదిలి ఎప్పుడూ పోలేదులెండి!”

తులసి రైలు పెట్టెక్కింది. ఆయన గడియారం మూత టప్పున మూశాడు. బండి కదిలింది.

రెండేళ్లుగా ఇదే వరస. రేపల్లె నుంచి తెనాలి వెళ్లే పొద్దుటి పాసింజరు ఆ చిన్న స్టేషన్‌లో ఒక్క నిమిషం ఆగుతుంది. తెనాలిలో టైపు నేర్చుకునే తులసి రోజూ పొలం గట్టు మీద పరుగెత్తుకుంటూ వస్తుంది. ముసలాయన ప్లాట్‌ఫారం చివర, గార్డు పెట్టె ఆగేచోట నిలబడి ఉంటాడు. ఆమె కనపడగానే, తెరిచిన గడియారం పైకెత్తి పట్టుకుని నాలుగడుగులు ఎదురొస్తాడు.

“టైముందమ్మా! మెల్లగా రా, పడతావు!”

బండెక్కే ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

“తులసీ, మీ టైము తాత పిలుస్తున్నాడే!”

ఆయన మాత్రం ఏ రోజూ బండెక్కలేదు. మూతపడిన బియ్యం మిల్లులో ఒక గదిలో ఒక్కడే ఉంటాడు. పేరేంటని తులసి ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు ఆమె పావు తక్కువ ఏడింటికే తయారైంది. రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలయ్యాయి.

“అమ్మా, వెళ్తున్నా!”

“ఆగవే! ఝాన్సీలక్ష్మి పిన్నిని బిందెతో ఎదురు రమ్మన్నాను,” తల్లి సామ్రాజ్యం లోపల్నుంచే అంది. భర్త పోయినప్పటి నుంచి, కూతురు మంచి పనిమీద వెళ్తుంటే ఆమె వాకిట్లోకి రాదు.

పక్కింటి ఝాన్సీలక్ష్మి ఇంకా పంపు కొడుతూనే ఉంది.

“పిన్నీ, టైమైపోతోంది!”

“ఒట్టి బిందెతో ఎదురొస్తే బాగుంటుందటే పిల్లా? నిండనీ!”

బిందె నిండింది. పిన్ని ఎదురొచ్చింది. అప్పటికి వార్తలు కూడా అయిపోయాయి.

తులసి గట్టెక్కేసరికి బండి స్టేషన్‌లో ఆగి ఉంది. దారిలో ఎదురుగా ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుంది.

ఇంకా ఇరవై అడుగులుందనగా గార్డు పచ్చజెండా ఊపాడు.

“సార్! ఆగండి! సార్!”

బండి ఆగలేదు.

బస్సు పట్టుకుని తెనాలి చేరేసరికి పరీక్ష హాలు తలుపులు మూసేశారు.

పదిరోజులు తులసి ఇల్లు కదల్లేదు. టైపు నేర్పే చోట ఉండిపోయిన పుస్తకాలు తెచ్చుకుందామని పదకొండోరోజు స్టేషన్‌కి వచ్చింది. ఈసారి గంట ముందే వచ్చింది. ప్లాట్‌ఫారం చివర ఎవరూ లేరు.

టిక్కెట్లిచ్చే నరసింహం కిటికీలోంచి పిలిచాడు.

“తులసమ్మా! ఇది నీకిమ్మన్నారు పెద్దాయన.”

జేబురుమాల్లో చుట్టిన గడియారం.

“ఆయనేరి బాబాయ్?”

“మొన్న ఆస్పత్రిలో పోయారమ్మా.”

తులసి కిటికీ చువ్వ పట్టుకుంది.

“ఎవరొచ్చారు?”

“ఎవరున్నారు రావడానికి? నేనూ, పట్టాల పనివాళ్లు ముగ్గురూ పాడె మోశాం.” నరసింహం టిక్కెట్ల కట్ట పక్కన పెట్టాడు. “పోయే ముందురోజు నీ పరీక్ష ఎట్లా అయిందని అడిగారు. బాగా రాసిందని చెప్పాను.”

తులసి గడియారం తిరగేసి చూసింది. అద్దం వెనక సన్నటి పళ్ల చక్రాలు, ఆవగింజలంత ఎర్రరాళ్లు. ఏదీ కదలడం లేదు. కీ తిప్పింది. పట్టు లేకుండా ఊరికే తిరిగింది.

“ఆగిపోయింది బాబాయ్.”

“ఇప్పుడా? అది ఆగి పదేళ్లయింది.”

“మరి రోజూ ఇందులో చూసేగా టైముందమ్మా అనేవారు?”

నరసింహం పట్టాల వైపు చూశాడు.

“ఆయన పాత గార్డు, ఈ లైన్లో గార్డులంతా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లేనమ్మా, ఆయన ఆ మూత మూస్తేగానీ జెండా ఎత్తేవాళ్లు కాదు, నువ్వు పెట్టెక్కితేగానీ ఆయన మూసేవారు కాదు.”