నిన్నటి గొడవకి వేరే బ్రాంచి

ఇంట్లో నోరు జారిన ప్రతి మాటా దానంతటదే ఫైలుకెక్కే రోజులవి. దిద్దాలంటే ఆలుమగలిద్దరూ ఒప్పుకోవాలి. ఆదివారం పంచాయితీకొచ్చే పెద్దలు చదివేది ఆ ఫైలే. అందుకని ప్రభంజనరావు పొద్దున్నే బ్రౌజరు తెరిచి, నిన్నటి గొడవకి వేరే బ్రాంచి, అంటే విడిగా ఓ నకలు తీసి, దిద్ది, భార్యకి పంపాడు.

"చిన్న సవరణే హైమా, మెర్జ్ కొట్టి అసలు ఫైల్లో కలిపెయ్," అన్నాడు కాఫీ చప్పరిస్తూ.

హైమావతి చదివింది. అతని తిట్లన్నీ మాయం. ఆమె అరుపులు మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి.

"అంటే నేను గోడని చూసి అరిచానా? ఇంతకీ ఏం తీసేశారండీ?"

"అదే, మీ నాన్న పెద్ద పిసినారి, దొంగ అన్నానుగా! అదంతా తీసేశా."

హైమావతి నవ్వి, తిరస్కరించు బటన్ నొక్కింది.

"ఇవాళ్టి ఫైలుకీ ఎక్కింది మహానుభావా. దీనికింకో బ్రాంచి తీసుకోండి."