పిలవని పేర్లు

ఈ ఏడు రన్‌వేను పొడిగించినప్పుడు, ఊళ్లో చనిపోయినవాళ్ల గుర్తుగా పాతిన రాళ్లను ఎయిర్‌పోర్టు కంచె అవతలికి మార్చారు. రాయిని కదిపేటప్పుడు ఆ మనిషిని పేరు పెట్టి వెంట రమ్మని పిలవాలి. జేసీబీ తొందరలో గాసి తన భార్య సుక్రిని పిలవడం మరిచాడు.

ఇప్పుడతను అక్కడే కాపలాదారు. ఈ రాత్రి మొదటిసారి చీకట్లో విమానం దిగబోతోంది.

"తాతా, లైట్లన్నీ ఎలుగుతున్నాయా?" టవర్ నుంచి పావని వాకీటాకీలో అడిగింది.

"ఒకటెక్కువుందమ్మా."

"నిద్దరోతన్నావేటి! బేగి సూసి సెప్పు."

కొత్త తారు మీద నూనెదీపం. గాలికి వంగడం లేదు.

"తప్పయిపోనాది సుక్రీ. రాయే, ఎల్దాం."

దీపం కంచె వైపు కదిలింది. కొండ వెనక విమానం మోత మొదలైంది.

అప్పుడు, తాతల కాలంలో ఇలాంటి రాళ్లనే పెకిలించి వేసిన పాత రన్‌వే పొడవునా, మరెన్నో దీపాలు వెలిగి పిలుపు కోసం ఆగాయి.

వాళ్ల పేర్లు గాసికి తెలియవు.