శనివారం స్నానం

“నా చెయ్యి నొప్పిగా ఉందమ్మా. నీ ఒళ్లు రుద్దలేను” అంది స్నానశాలలో ఒళ్లు రుద్దే ముసలావిడ.

జిపారా నమ్మింది. పాపం అని కూడా అనుకుంది.

రెండు నిమిషాలు తిరక్కుండానే ఆ ముసలావిడ పక్క బల్ల మీది లావుపాటి మనిషి వీపును, చేతికి గరుకు తొడుగు వేసుకుని, మాడిన మూకుడు తోమినట్టు తోముతోంది.

జిపారాకు ఒళ్లు మండిపోయింది. బిష్కెక్ బజారులో ఇరవై ఏళ్లుగా ఉప్పు పెరుగు ఉండలు అమ్ముతున్న మనిషి. నోరు ఊరుకుంటుందా?

“ఏం పెద్దమ్మా, ఆవిడ వీపు చూడగానే నీ నొప్పి పారిపోయిందా?”

స్నానాల గదిలో ఆడవాళ్లంతా కిసుక్కున నవ్వారు. ముసలావిడా నవ్వింది. దగ్గరికొచ్చి, జిపారా చుట్టుకున్న తువ్వాలు అంచు కాస్త ఎత్తి చూసి, చెవిలో గుసగుసగా అడిగింది.

“నీకు బయటినుంచి ఇస్తున్నారా, లోపలినుంచా?”

జిపారా తువ్వాలు అంచు లాక్కోబోయింది.

తనకు రొమ్ము క్యాన్సర్ అని ఆస్పత్రి బయట భర్తకు తప్ప ఎవరికీ తెలీదు. రెండు వారాలుగా రేడియేషన్ పెట్టించుకుంటోంది. శని, ఆదివారాలు తప్ప ఒక్కరోజూ మానకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. రొమ్ము చుట్టూ సిరాతో గీసిన గుర్తులు చెరగకుండా చూసుకోమనీ చెప్పాడు.

కానీ తెల్లారితే ఆడపడుచు కొడుకు పెళ్లి. రెండు వారాలుగా ఒళ్లు రుద్దుకోని మనిషి నలుగురిలోకి ఎలా వెళ్తుంది? వీపు ఒక్కటీ రుద్దించుకుంటే ఏమవుతుందిలే అని వచ్చింది.

ఇప్పుడు అర్థమైంది. తువ్వాలు పైకి కనబడుతున్న సిరా గీతను ముందే చూసి ఉంటుంది. ముసలిదానికి తన జబ్బంటే అసహ్యం. ఎక్కడ అంటుకుంటుందోనని భయం. అందుకే ఆ చెయ్యి నొప్పి!

“వదులు నా తువ్వాలు!” అని అరిచింది.

“అరవకు తల్లీ. ఆవిరి గదిలోకి మాత్రం పోకు. నడుం కిందికి గోరువెచ్చటి నీళ్లు నేను పోస్తా, రా.”

“నేనేమన్నా చంటిపిల్లనా, కాళ్లు కడిగి పంపించడానికి?”

స్నానశాల యజమానురాలు పరిగెత్తుకొచ్చింది.

“ఈవిడ ఇక్కడుంటే బజారు ఆడవాళ్లు ఒక్కరూ మీ గడప తొక్కరు. నేను తొక్కనివ్వను” అంది జిపారా.

ఆ నోటి సంగతి యజమానురాలికి బాగా తెలుసు. “రేపట్నుంచి రావద్దులే పెద్దమ్మా” అంది.

ముసలావిడ ఏదో చెప్పబోయింది. చెవులు రిక్కించుకుని చూస్తున్న ఆడవాళ్లను చూసి ఆగిపోయింది. తొడుగు విప్పి కొక్కేనికి తగిలించింది.

“మంచిదే. నా నడుముకూ సెలవు కావాలి” అని నవ్వుతూ వెళ్లిపోయింది.

అక్కడ ఒళ్లు రుద్దడానికి ఉన్నది ఆవిడొక్కతే. వరుసలో ఉన్నవాళ్లంతా జిపారాను తిట్టిపోశారు. అయినా యుద్ధం గెలిచినదానిలా ఇంటికెళ్లింది. మర్నాడు పెళ్లిలో పెళ్లికూతురి కంటే ఎక్కువ గెంతింది.

సోమవారం ఆస్పత్రి వరండాలో ఇదంతా చెప్పి తోటి రోగులందరినీ నవ్వించింది.

“బయటినుంచా, లోపలినుంచా అనడిగిందా?” అంది గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు వైద్యం చేయించుకుంటున్న టీచరమ్మ. “నన్నడిగితే రెండూ అని చెప్పేదాన్ని. మొదట బయటినుంచి ఇచ్చారు, ఇప్పుడు లోపల గొట్టం పెట్టి ఇస్తున్నారు.”

“మీ అందరికంటే నాదే హాయి” అంది థైరాయిడ్ క్యాన్సర్ అమ్మాయి. “ఒక్క గుక్క రేడియేషన్ మందు తాగించి నాలుగు రోజులు ఒంటరిగా ఉంచారు. మా అత్త ఆ ఛాయలకే రాలేదు!”

ఆ నవ్వుతోనే జిపారా లోపలికెళ్లి బల్ల మీద పడుకుంది. మిషన్ నడిపే చోల్పోన్ గుర్తులు చూసి చప్పట్లు కొట్టింది.

“అబ్బ, ఒక్క గీతా చెరగలేదు! పొద్దుట్నుంచి ఇద్దరు తోమేసుకుని వచ్చారు. వాళ్లకు మళ్లీ మొదటినుంచి కొలతలు తీయాలి. వారం పాటు వైద్యం ఆగినట్టే. నువ్వు స్నానానికి వెళ్లలేదా?”

“వెళ్లకేం! పాత బజారు వెనకాల ఉన్న స్నానశాలకే వెళ్లా. ఓ ముసలిది చెయ్యి నొప్పని అబద్ధమాడి నన్ను రుద్దలేదు. దాన్ని పనిలోంచి తీయించాకే ఇల్లు చేరా!”

చోల్పోన్ మొహంలో నవ్వు మాయమైంది.

“నలుగురి ముందూ జబ్బు పేరెత్తడం ఇష్టంలేక అలా చెప్తుంది. ఎంత పని చేశావు జిపారా!”

జిపారా లేచి కూర్చుంది. తను అరిచిన అరుపులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

“ఇంతకీ ఎవరావిడ?” అంది నీరసంగా.

“కనిషా అక్క. ముప్పై ఏళ్లు ఈ గదిలో గుర్తులు గీసింది ఆవిడే. శనివారం స్నానాల్లో అవి చెరిగిపోతున్నాయని, రిటైరైన మర్నాడే వెళ్లి అక్కడ ఒళ్లు రుద్దే పనిలో చేరింది.”