నాలుగు డ్రమ్ముల తెప్ప

లేదండీ, నేను ఈ నవలకి స్టార్లు ఇవ్వడానికి రాలేదు. నాకు చదవడం సరిగా రాదు, పేజీకి గంట పడుతుంది. నా చేతిలో ఉన్న పుస్తకం మా అక్క కొనుక్కున్నది.

మీరందరూ ఇక్కడ రివ్యూల్లో, నవలలోని ఆ పిల్ల ధైర్యం గురించే రాశారు. ‘ఆడపిల్లంటే ఇలా ఉండాలి’ అని ఒకరు, ‘నది దాటే చోట ఊపిరాగిపోయింది’ అని ఇంకొకరు. అక్క అవన్నీ నాకు చదివి వినిపించేది. “నేనూ దాటాలిరా” అనేది.

నేను ఖాళీ డ్రమ్ములు కడిగే షెడ్డులో పని చేస్తాను. నిన్న అక్క నాలుగు డ్రమ్ములు తాడుతో కట్టివ్వమంది. నవలలో తెప్ప అలాగే ఉంటుందట.

“నీకు ఈత రాదు కదక్కా!”

“ఆ పిల్లకి మాత్రం వచ్చా ఏంటి? నోర్మూసుకుని ముడి బిగించరా నత్తా. నువ్వా పేజీకొచ్చేసరికి నేను అవతలి ఒడ్డున ఉంటా.”

నవ్వుకుంటూ బిగించాను.

పొద్దున లేచేసరికి అక్క లేదు. సాయంత్రం నది దిగువన మూడు డ్రమ్ములే దొరికాయి.

అక్క ఏం చేసినా అచ్చం పుస్తకంలో ఉన్నట్టే చేస్తుంది. నేనింకా తెప్పని నీళ్లలోకి తోసే పేజీలోనే ఉన్నాను. కళ్లు మసకేసి అక్షరాలు ఆనడం లేదు. మీరు చివరిదాకా చదివారు కదా.

తెప్ప విడిపోయాక, ఆ పిల్ల ఒక్క డ్రమ్మునైనా పట్టుకుంటుందా అండీ?