సంచి అడిగిన మాట

మా అమ్మాయి గంగరత్న వ్యవసాయ కాలేజీలో మట్టి పరీక్షల కోర్సు చదువుతోంది. ఇప్పుడు పరీక్ష పేపర్లు లేవు. పిల్లలు చేసిన ప్రతి పనీ, తప్పులతో సహా, వాళ్ళ ఫోన్లోని పోర్ట్‌ఫోలియోలో చేరుతుంది. మేం దాన్ని సంచి అంటాం. పాసు చేసేదీ అదే.

చేనుగట్టు మీద రత్న నాకు పాఠం చెప్పడం ముగించగానే ఫోన్లోంచి సంచి నన్నడిగింది. “అన్నా, నీకేం అర్థమైంది?”

రత్న నా మొహం చూసింది. బిడ్డ పాసవడం నా మాట మీదే ఉంది. అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ మింగేశాను.

“ఏమీ కాలేదప్పా. ఎరువు ఎంత వెయ్యాల్నో తెలీలేదు.”

“నాయనా, కొంప ముంచితివి గదా!” అంది రత్న.

సంచి మిగతా పిల్లల సంచుల్నీ వెతికింది. ముప్పై ఏడు ఊళ్ళ రైతులు నా మాటే చెప్పారట.

“రైతుకు అర్థమయ్యేలా చెప్పాలన్నది కాలేజీ ఆశయం. పాఠంలో అది నేర్పే పనే లేదు. తప్పింది పాఠం, పిల్లలు కాదు,” అంది.

ఇంత న్యాయంగా పరీక్ష దిద్దడం నేనెప్పుడూ చూడలేదు.

పాఠం తిరగరాయడానికి సోమవారం కాలేజీలో ఆ పాఠం చెప్పే హైమావతి మేడం మా చేనికే వచ్చింది. చెప్పులు విడిచి, మట్టిబెడ్డ చేతిలోకి తీసుకుని, “దీన్ని మీరేమంటారు, పెద్దాయనా?” అంది.

చెప్పడం మొదలుపెట్టాను.

“మెల్లగా, నాయనా,” అంది రత్న. “రాసుకోవద్దా?”